ఈశాన్యంలో మా పొయ్యి

మదనపల్లెలో మేము కాపురమున్నది ఇంట్లో కాదు, దొరగారి వంటింట్లో. ముందర పెద్ద బంగళా. దాని వెనక ఈశాన్యం మూలన, బంగళాకు వండి పంపడానికి కట్టిన రెండు గదులు. దొర కాలంలో దాన్ని కుసిని అనేవారంట. దొర పోయాడు, దొరసాని పోయింది, వాళ్ళ బట్లరూ పోయాడు. బంగళాలోకి గవర్నమెంటు ఆఫీసు వచ్చింది, కుసినిలోకి మేము వచ్చాము. మేమంటే మా ఆయన, మా అత్త, నేను. మా ఆయన ఆ ఆఫీసుకు వాచ్‌మన్. పగలూ రాత్రీ ప్రహరీ లోపలే ఉండాలన్నది ఆయన ఉద్యోగం, అందుకని ఉండటానికి కుసిని ఇచ్చారు. నేను పొద్దున్నే ఆఫీసు ఊడ్చి తుడిచేదాన్ని. పెద్ద పిల్ల పుంగనూరులో మా అమ్మ దగ్గర పెరుగుతుండేది. ఈ సంగతి జరిగేనాటికి నాకు రెండో కాన్పు, ఏడో నెల. ఆ పిల్ల వయసును బట్టి లెక్కేసుకుంటే డెబ్బైల చివర.

ఇంటిని గురించి కట్టినవాళ్ళకన్నా ఊడ్చేవాళ్ళకే ఎక్కువ తెలుస్తుంది. ఆ బంగళా నాకు అట్లా తెలుసు. వసారా చుట్టూ ఇనుప స్తంభాలు, వాటి మీద ఇనుముతోనే పోత పోసిన ద్రాక్ష తీగలు, ఆకులు, గుత్తులు. దుమ్మంతా ఆ గుత్తుల సందుల్లోనే చేరేది. ద్రాక్షపండు తినే యోగం ఎట్లా ఉన్నా, ఒక్కో పండునూ గుడ్డతో తుడిచే యోగం మాత్రం నాకు రాసిపెట్టి ఉండింది. కిటికీల పైన ఎండా వానా పడకుండా చెక్క పందిళ్ళు, వాటి అంచుకు పళ్ళు పళ్ళుగా చెక్కడం. దొర నెత్తికి ఒక టోపీ, కిటికీ నెత్తికి ఒక టోపీ అనేది మా అత్త. మిద్దె ఎంత ఎత్తంటే, ఫ్యాను వేలాడే కడ్డీయే మా ఆయనంత పొడుగు. అంత ఎత్తున బూజు పడితే అది బూజుకే వదిలేసేదాన్ని.

బంగళా ముఖం పడమరకు. తలవాకిలి పైన రంగు రంగుల అద్దాలు ఉండేవి. సాయంత్రం నాలుగయ్యేసరికి వాటిలోంచి ఎండ దిగి హెడ్ క్లర్కు ముఖం మీద ఎర్రగా పడేది. ఆ ఎరుపు ఆయన ముక్కు మీది నుంచి చెవి మీదికి జరిగితే అయిదు అయినట్టు. గోడ గడియారం ఆగిపోయిన ఏడాది ఆఫీసు మొత్తం ఆయన చెవిని చూసే ఇళ్ళకు పోయింది. దొర స్నానాల గదిని రికార్డు రూము చేశారు. అందులో సింహం కాళ్ళున్న పింగాణీ తొట్టి ఒకటి. నలుగురు పట్టినా కదలకపోతే, దాన్నిండా పాత ఫైళ్ళు పేర్చి ఊరుకున్నారు.

గేటు దగ్గర నీలం రంగు బోర్డు ఒకటి ఉండేది. నాకు మూడో తరగతి చదువు. అంత పొడుగు మాటలు కూడబలుక్కొని చదివేలోపల పొయ్యి మీద చారు పొంగిపోతుంది కాబట్టి మా ఆయననే అడిగాను. ఇది కాపాడవలసిన పాత కట్టడం, ఇందులో ఒక ఇటుక తియ్యకూడదు, ఒక ఇటుక పెట్టకూడదు, గోడకు మేకు కొట్టకూడదు అని దాని భావం. పాత కట్టడాలను కాపాడే శాఖ నుంచి ఏడాదికొకసారి ఒకాయన వచ్చి చూసిపోయేవాడు. ఆయనకు భయపడి క్యాలెండరును కూడా కిటికీ గడియకు దారంతో కట్టేవారు. గాలి వస్తే నెలలు వాటంతటవే తిరిగిపోయేవి.

మేకు కొట్టకూడదంటే దేవుడి పటాలు ఎక్కడ పెట్టాలి? దేవుడు లేని ఆఫీసు ఎట్లా నడుస్తుంది? ఆ చిక్కు మేము రాకముందే తీరిపోయి ఉండింది. బంగళాకు ఆగ్నేయం మూలన ఆఫీసరు గది, ఆ గది గోడలో ఒక పెద్ద గూడు. చుట్టూ తెల్లటి చలువరాయి, దాని మీద పువ్వులూ లతలూ చెక్కిన పని, పైన అరుగులాంటి పలక, కింద జానెడు గట్టు. అంత అందంగా కట్టిన గూడు దేవుడికి కాక ఇంకెవరికి? వెంకటేశ్వరస్వామి, లక్ష్మీదేవి, వినాయకుడు వరసగా అందులో కూర్చున్నారు. చలువరాయికి నేనే ప్రతి శుక్రవారం పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టేదాన్ని. హెడ్ క్లర్కు గట్టు మీద టెంకాయ కొట్టేవాడు. గూడు అంత కిందికి ఎందుకు కట్టారని కొత్త గుమాస్తా ఒకసారి అడిగితే ఆయనే చెప్పాడు.

"దేవుని ముందర వంగాల గదప్పా. దొరకు నడుము వంగేది తెలీదు. అందుకే మేస్త్రీ కావాలని కిందికి కట్టినాడు."

లోపల గోడ నల్లగా ఉండేది. పాత ఆఫీసర్లు ఇచ్చిన హారతుల మసి అనుకున్నాము.

ఆ ఏడు వచ్చిన ఆఫీసరుది కుప్పం. మంచి మనిషి, కానీ ఆయన లోపల ఒక బెదురు కాపురం చేస్తుండేది. ఆ గదిలో కూర్చున్న ఏ ఆఫీసరూ ఎనిమిది నెలలు దాటలేదని ఎవరో చెప్పారు. దూరం ట్రాన్స్‌ఫర్ చేసి ఎక్కడో శ్రీకాకుళం దిక్కు పడేస్తే ముసలి తల్లిని చూసుకునేదెవరని ఆయన దిగులు. చివరికి తన ఊరి నుంచే ఒక వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు. ఆయన కుప్పంలో బస్సెక్కి పలమనేరు, పుంగనూరు మీదుగా వచ్చి మధ్యాహ్నానికి దిగాడు. నశ్యం డబ్బాలో దిక్సూచి పెట్టుకొని తిరిగే మనిషి. డబ్బా తెరిచి చూడటం, మూయడం, ఒకసారి తుమ్మడం. అట్లా బంగళా చుట్టూ తిరిగి తిరిగి మా కుసిని ముందర నిలబడిపోయాడు. లోపల ఉలవచారు మరుగుతోంది.

"అగ్గి ఉండాల్సిన తావులో ఆఫీసరు ఉండాడు. సామి ఉండాల్సిన తావులో అగ్గి ఉండాది. ఇంగ మనిషి యాడ నిలుస్తాడు?" అన్నాడు.

"ఏం జెయ్యాల సామీ?" అన్నాడు ఆఫీసరు.

"ఈ ఇల్లు పడగొట్టాల."

"పడగొట్టకూడదంట. బోర్డు ఉండాది."

"అయితే ఖాళీ జేపించి తాళమెయ్యి. ఈశాన్యంలో పొయ్యి వెలగకుండా ఉంటే సాలు."

మా ఆయన చేతులు కట్టుకొని నిలబడ్డాడు. కుసిని పోతే ప్రహరీ లోపల ఉండటానికి చోటు లేదు. చోటు లేకపోతే వాచ్‌మన్ పని లేదు. పని లేకపోతే పుంగనూరు పోయి, ఏడో నెల కడుపుతో, మా అన్న వదినల పంచన చేరాలి. మా వదిన మంచిదే, నేను పండక్కి వచ్చి మూడోరోజు పోయేంతవరకు.

అప్పుడు మా అత్త బయటికొచ్చింది. చేతిలో సంగటి తెడ్డు అట్లాగే ఉంది.

"సామీ, నాకు సదువు లేదు, అడుగుతాండానని ఏమనుకోవద్దు. కడుపుతో ఉండే మనిషి ఇల్లు మారొచ్చునా?"

సిద్ధాంతి నశ్యం డబ్బా మూశాడు.

"మారకూడదు," అన్నాడు.

"గడప కదిలించొచ్చునా?"

"కూడదు."

"మరి మా కోడలి కడుపు సూడండి. మీ డబ్బా తెరిసి సూసే పన్లే, మామూలు కంటికే కనపడతాండాది."

ఆఫీసరు తల దించుకున్నాడు. శాస్త్రానికి శాస్త్రమే అడ్డం పడింది. సిద్ధాంతి చాలాసేపు దిక్కులు చూసి, చివరికి ఒక దారి తీశాడు. కాన్పు అయ్యి పురుడు తీరేదాకా మనుషులను కదపకూడదు. ఆ తరువాత వాళ్ళు వేరే చోటు చూసుకోవాలి. అంతవరకు మనుషులు ఇక్కడే ఉండొచ్చు కానీ, పొయ్యి ఉండకూడదు. రేపటి నుంచి ఒక మండలం రోజులు పొద్దుటి వంట ఆగ్నేయంలో జరగాలి. దేవుళ్ళు ఈశాన్యానికి రావాలి.

"ఆగ్నేయం అంటే నా గదే గదా సామీ," అన్నాడు ఆఫీసరు.

"నువ్వు పదిన్నరకు గదా వస్తావు. ఆ లోపల సంగటి దిగిపోతాది."

"దేవుని గూట్లో పొయ్యి పెట్టాల్నా?" అన్నాడు హెడ్ క్లర్కు.

"దేవుడు లేని గూడు వట్టి గోడ బొక్క," అని సిద్ధాంతి తుమ్మాడు. తుమ్మును కూడా శుభమనే అనుకున్నారు. ఆయన టమోటా బుట్ట ఒకటి కట్టించుకొని సాయంత్రం బస్సుకు కుప్పం పోయాడు.

మరుసటి పొద్దున దేవుళ్ళు మా ఇంటికి వచ్చారు. హెడ్ క్లర్కు వెంకటేశ్వరస్వామిని ఎత్తుకున్నాడు, గుమాస్తా లక్ష్మీదేవిని, వినాయకుణ్ణి మా ఆయన. బట్లరు పింగాణీ తట్టలు పెట్టుకునే చెక్క అలమరలో ముగ్గురినీ నిలబెట్టారు. మా ఇంట్లోంచి పొయ్యిరాళ్ళు మూడు, సంగటి కుండ, ఊదుగొట్టం, కట్టెలు ఆఫీసరు గదికి బయలుదేరాయి. దారిలో దేవుళ్ళూ పొయ్యిరాళ్ళూ ఎదురుపడ్డాయి. ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో తెలియక రెండు గుంపులూ కాసేపు ఆగాము.

"దేవుడు నడిసి పోయేటోడు కాదు గదా, మోసేవాళ్లకు చెయ్యి నొస్తాది, ముందర ఆయన్నే పోనీండి," అంది మా అత్త.

ఆఫీసరు గదిలో పెద్ద మేజా, తిరిగే కుర్చీ, వాటికి నాలుగు అడుగుల దూరంలో నేను. పసుపు పూసిన చేత్తో ఆ గూటిలో రాళ్ళు పెట్టాను. చెంపలేసుకొని కట్టె అంటించాను. పొగ గది నిండా కమ్ముకుంది. మేజా కనపడలేదు, కుర్చీ కనపడలేదు, మా ఆయన దగ్గు మాత్రం వినిపిస్తోంది.

"పైన ఏందో అడ్డముండాది," అని ఆయన బూజుకర్ర తెచ్చి గూటిలోకి తల పెట్టి పైకి పొడిచాడు. ఒక చెక్క పలక ఊడింది. దాని వెనకే పావురాల గూళ్ళు, పుల్లలు, ఈకలు, ఎన్నేళ్ళదో మసి, అన్నీ ఒక్కసారిగా ఆయన నెత్తిన దిగాయి. కాటుక డబ్బాలో పడి లేచినట్టు బయటికొచ్చాడు. కళ్ళు రెండే తెల్లగా ఉన్నాయి.

"బూజు పోయిందా?" అన్నాను.

"బూజు పోయింది. నేనే మిగిలినా," అన్నాడు.

అప్పుడు చూశాను. గదిలో ఉన్న పొగంతా ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి, గూటిలోకి పోయి, పైకి లేస్తోంది. మా కుసిని పొయ్యి మీద కూడా అట్లాంటి గొట్టమే ఉంది. బంగళా కప్పు మీద నాలుగు ఇటుక గోపురాలు ఉండేవి. దొరకు పావురాలంటే ప్రాణం, అందుకే కట్టించాడని అందరం చెప్పుకునేవాళ్ళం. అన్నీ కలిపి చూసుకుంటే విషయం తెలిసిపోయింది. ఇది దేవుడి గూడు కాదు. ఇది పొయ్యి. హెడ్ క్లర్కు కొట్టిన టెంకాయలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. సంగటికి ఎసరు మరిగింది, పిండి పోసి తెడ్డు పట్టాను.

బంగళా పొగగొట్టంలోంచి పొగ రావడం ఆ ఊళ్ళో బతికున్నవాళ్ళెవరూ చూసి ఉండరు. టమోటా మండీకి పోయే బండ్లు రోడ్డు మీద నిలిచిపోయాయి. ఒకరు దొర బంగళా కాలిపోతాండాదని అరిచారంట, ఒకరు దొర తిరిగొచ్చినాడన్నారంట. ఎదురింటాయన బిందెడు నీళ్ళు ఎత్తుకొని లోపలికి పరిగెత్తుకొచ్చి, నన్నూ సంగటినీ చూసి, ఏం చెయ్యాలో తోచక బిందె అక్కడే దించి పోయాడు. ఆ బిందె సాయంత్రం మేమే ఇచ్చి వచ్చాము.

ఆ గొడవలో, బస్టాండు నుంచి ఆ పొగను చూసుకుంటూ ఒకాయన వచ్చాడు. పాత కట్టడాల ఆయన. ఆయన ఏడాదికొకసారి వచ్చేది సరిగ్గా ఆ రోజే అయింది. సన్నటి మనిషి, భుజానికి సంచి, మాట కోస్తా వైపుది. గుమ్మంలో నిలబడి ఆయాసపడుతూ నన్ను చూశాడు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"సంగటి సార్."

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఆఫీసరు గారు సార్."

"ఎందుకు?"

"ట్రాన్స్‌ఫర్ కాకుండా ఉండేదానికి సార్."

ఆయన సంచి కింద పెట్టి, నా పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, తల వంచి గూటిలోకి పైకి చూశాడు. తిడతాడనుకున్నాను. ఆయన ముఖంలో కోపం లేదు. తప్పిపోయిన ఆవు ఇంటికొస్తే చూసేవాడి ముఖంలా ఉంది.

"పొగ బాగా లాగుతోంది," అన్నాడు తనలో తానే. "ఎన్ని బంగళాలు చూశాను. అన్నీ మూసేసినవే. ఒక్కటి వెలగగా చూడలేదు."

ఇంతలో ఆఫీసరు, హెడ్ క్లర్కు, గుమాస్తా అందరూ వచ్చి చేరారు. మా అత్త కూడా వచ్చింది.

"మన్నించాల సార్, ఇది దేవుని గూడు, మండలం రోజులు మాత్రం," అని ఆఫీసరు మొదలుపెట్టాడు.

"దేవుడి గూడేమిటండీ? చలిమంట పొయ్యి ఇది. ఈ ఊరు చల్లన కదా. చలికాలంలో దొర ఇక్కడ కుర్చీ వేసుకొని, బూట్ల కాళ్ళు ఈ గట్టు మీదికి చాపి కాచుకునేవాడు."

కుండలో సంగటి గుబగుబమంది.

"నేను శుక్రవారం శుక్రవారం టెంకాయ కొట్టినాను సార్," అన్నాడు హెడ్ క్లర్కు, మెల్లగా.

"ఎన్నేళ్ళు?"

"పదకొండు."

"ఎక్కడ?"

"ఆడే సార్. కాళ్లు పెట్టుకునే కాడ."

పాత కట్టడాల ఆయన కిటికీ వైపు తిరిగి చాలాసేపు బయటికి చూశాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. హెడ్ క్లర్కు ముఖం మాత్రం నాలుగు గంటలు కాకముందే ఎర్రబడింది.

"పోనీలేప్పా," అంది మా అత్త. "మొక్కిన మనసు మంచిదే గదా. సగం సిప్ప ఎప్పుడూ మాకే ఇస్తాంటివి. సట్నీకి ఒక్క దినం కూడా దొర కాళ్ల వాసన రాలే."

పాత కట్టడాల ఆయన కళ్ళు తుడుచుకొని మళ్ళీ ఆఫీసు మనిషి అయ్యాడు. బంగళాలో ఇంకెప్పుడూ నిప్పు పెట్టకూడదన్నాడు. పై దూలాలు ఎండి ఉన్నాయి, ఒక్క రవ్వ చాలు.

"మరి ఈమె వంట ఎక్కడ చేస్తుంది?"

"ఆమె వంటింట్లోనే సార్. అయితే అది ఈశాన్యం," అన్నాడు ఆఫీసరు.

"చూద్దాం పదండి."

అందరూ కుసినికి నడిచారు. గడప దగ్గరికొచ్చి, లోపల దేవుళ్ళున్నారని గుర్తొచ్చి, వరసగా చెప్పులు విప్పారు. పాత కట్టడాల ఆయన కూడా బూట్లు విప్పాడు. లోపల ఆయన దేవుళ్ళను చూడలేదు, కప్పును చూశాడు. స్టూలెక్కి దూలాలను వేలితో గీరాడు. చంకలో నోటుబుక్కు, నోట్లో పెన్ను.

"బంగళాలో ఆరు దూలాలకు చెదలు పట్టింది. ఇక్కడ ఒక్కదానికీ లేదు. గొట్టం లాగగా మిగిలిన పొగ రోజూ తగిలి ఈ కప్పు బతికింది. మీరు ఎన్నేళ్ళుగా వండుతున్నారు?"

నేను చెప్పాను. తరువాత మా ఆయన చెప్పలేని మాట కూడా చెప్పేశాను. ఆ ధైర్యం ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు. పొట్టలో పిల్ల తన్నింది, దాని బలమేమో.

"సార్, పురుడు తీరినంక మమ్మల్ని పొమ్మనినారు. ఈ పొయ్యి ఆర్పేసి తాళం ఏస్తారంట."

ఆయన ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు కుప్పం సిద్ధాంతి ఎక్కడైనా కనపడతాడేమోనన్నట్టు వాకిట్లోకి చూశాడు.

"గేటు దగ్గరి బోర్డు బంగళా ఒక్కదానికే అనుకున్నారా? ప్రహరీ లోపలున్న ప్రతి కట్టడానికీ వర్తిస్తుంది. వంటిల్లు వంటిల్లుగానే ఉండాలి. వాడకం మార్చకూడదు."

"అంటే?" అన్నాడు ఆఫీసరు.

"అంటే, పొయ్యి వెలగాలి."

అది ఆయన నోటుబుక్కులో రాసుకుంటున్నంతసేపూ పెన్ను చప్పుడు విన్నాను. తరువాత మా అత్త ఆయన్ను వసారాలో కూర్చోబెట్టి, ఆఫీసరు గదిలో వండిన ఆ సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి పెట్టింది. నమలకుండా మింగాలని ఆయనకు తెలియదు. నమిలి నమిలి రెండు ముద్దలు తిన్నాడు.

పొయ్యిరాళ్ళు ఆ మధ్యాహ్నమే ఇంటికొచ్చాయి. దేవుళ్ళు మాత్రం తిరిగి పోలేదు. దొర కాళ్ళు చాపిన చోట మళ్ళీ వెంకటేశ్వరస్వామిని కూర్చోబెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? మేకు కొట్టే దారీ లేదు. అట్లా ముగ్గురూ మా అలమరలోనే నిలిచిపోయారు. రోజూ ఉదయం ఆఫీసు మొత్తం మా వాకిట్లో చెప్పులు విడిచి, లోపలికొచ్చి దండం పెట్టుకొని పనికి పోయేది. మా అత్త ఒక మూల కూర్చొని, ఆలస్యంగా వచ్చినవాళ్ళను పేరు పెట్టి అడిగేది. ఆ కాలంలో ఆఫీసు వేళకు నడిచిందంటే అది ఆమె పుణ్యమే.

ఆఫీసరుకు ఆ గదిలో చేరిన నాలుగో నెలలోనే ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది. కవరును హెడ్ క్లర్కు చేత తెరిపించాడు. కుప్పానికి వేశారు, ఆయన తల్లి ఉన్న వీధికి రెండు వీధుల అవతల. ఆయన నేరుగా మా కుసినికి వచ్చి దేవుడికి మొక్కి, మా అత్తకు మొక్కబోతే ఆమె తప్పుకుంది.

"ఒక్క పూట అగ్గికే ఊరికి పోతాండాను అవ్వా," అన్నాడు కళ్ళనీళ్ళతో.

"మండలం రోజులు వండనిచ్చింటే మంత్రివి అయిపోతాంటివి సార్. ఎందుకులే, తల్లి కాడికి పో," అంది ఆమె.

పిల్ల ఆ కుసినిలోనే పుట్టింది. పురుడు తీరిన వారానికి, పాత కట్టడాల ఆయన మాట నిలబెట్టుకున్నట్టు, చిన్న నీలం బోర్డు ఒకటి వచ్చింది. గోడకు మేకు కొట్టకూడదు కనుక మా వాకిలి పక్కన గుంజ పాతి దానికి కట్టారు. ఇది వంటిల్లు, వంటిల్లుగానే వాడాలని ఈసారి నేనే కూడబలుక్కొని చదివాను. చారు పొంగిపోయినా లెక్కచెయ్యలేదు.

కొత్త ఆఫీసరు చేరిన రోజు హెడ్ క్లర్కు ఆయన్ను ముందుగా మా ఇంటికే తీసుకొచ్చాడు. ఆయన చెప్పులు విడిచి, దేవుడికి దండం పెట్టుకొని, కళ్ళు తెరిచి, పక్కన మండుతున్న పొయ్యిని చూశాడు. నేను ఒళ్ళో పిల్లకు పాలిస్తూ కొంగు సర్దుకున్నాను.

"ఇది ఈశాన్యం గదమ్మా," అన్నాడు అనుమానంగా. "ఈడ పొయ్యి ఏల పెట్టినారు?"

మా అత్త సంగటి గెలుకుతున్న తెడ్డు పైకి తీసి, దానితోనే వాకిలి బయట ఉన్న బోర్డును చూపించి, మళ్ళీ కుండలో పెట్టుకుంది.